బొగ్గు దగ్గుకు లెక్క లేదు

మా గల్లీలో సంధ్యారాణి ఎవరంటే ఎవరూ చెప్పరు. ఆశా వర్కరు కదా, ఆశమ్మ అంటే ఇల్లు చూపిస్తారు. నాకు మాత్రం ఆమె మొగిలి బిడ్డ. మా రెండిళ్ళకూ గోడ ఒక్కటే; వాళ్ళు పోపు వేస్తే మేం తుమ్ముతాం. ఆమెను బెల్లంపల్లికి ఇచ్చారు. తాగొచ్చి చెయ్యి చేసుకునే మొగుణ్ణి ఒకనాడు తనూ తిరిగి కొట్టి, బట్టల సంచి పట్టుకుని గోదావరిఖని వచ్చేసింది. ఎందుకొచ్చావని తండ్రి అడగలేదు. "తిన్నవా?" అన్నాడు, అంతే. అప్పటినుంచి ఆ ఇంట్లో వాళ్ళిద్దరే.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం ఆమె పని ఇది. పొద్దున గేటు గేటుకూ తిరిగి జ్వరం ఎవరికుందో, పరీక్షకు ఎవరు పోయారో, ఎవరు చనిపోయారో కనుక్కోవాలి. సాయంత్రం దవాఖానలో తన పైనున్న మేడంకు ఫోనులో చెప్పాలి. రేకుల కింద సిగ్నల్ అందదు. అందుకని నల్లా దగ్గర నిలబడి, మాస్కు తియ్యకుండా, స్పీకరు పెట్టి అరిచి చెప్పేది. మా గల్లీ లెక్క పేపరుకంటే ముందు మా చెవుల్లో పడేది. నేను చదివింది రెండో తరగతే అయినా పేపరు ఒకరి చేత చదివించుకోను. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు గడగడ వస్తాయి. పేపర్లో అంకెలే ఉండేవి. మనుషులు నల్లా దగ్గరే వినపడేవాళ్ళు.

మొదటిసారి చప్పట్లు కొట్టిన చేతులే ఆమె వస్తుంటే గేట్లకు గొళ్ళెం పెట్టాయి. ఎదురింటి కిషన్ ఒక్కడు మాత్రం ఇంటిముందు గద్దె మీద కూర్చుని ఆమె కోసం ఎదురుచూసేవాడు, ఆటపట్టించడానికి. మొగిలి, కిషన్ ఒకే గనిలో, ఒకే షిఫ్టులో బొగ్గు తట్టలకెత్తి టబ్బులు నింపినవాళ్ళు.

"దగ్గు ఉన్నదా కాకా?"

"గనిల దిగినోన్ని దగ్గు ఉన్నదా అని అడుగుతవేందే? లేదంటే అప్పుడు ఫికర్ చెయ్యి."

"ఎప్పటిసంది?"

"నువ్వు పుట్టకముందుసంది. చెప్పు మీ మేడంకు."

గల్లీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. మా దగ్గర దగ్గును బట్టే వచ్చేదెవరో చూడకుండా చెబుతాం. అట్లాంటి చోట దగ్గు ఉందా అని అడగడం గోదావరిలో నీళ్ళున్నాయా అని అడగడమే. నాలుగు గేట్ల దగ్గర నవ్వులపాలయ్యాక ఆమె ఆ మాట మానేసింది. నల్లా దగ్గర నిలబడి మేడంకు చెప్పేసింది: "దగ్గు అడిగితే గల్లీ మొత్తం చెప్పాలె మేడం. మా దగ్గర బొగ్గు దగ్గుకు లెక్క లేదు. జరం ఒక్కటే అడుగుతున్న." మేడం సరేనన్నది.

అదే నెలలో మొగిలి దగ్గు పెరిగింది. గోడవతల ఉన్న నాకు వినపడకుండా ఎట్లా ఉంటుంది? వినపడింది. వేరే దగ్గు అని నాకూ తోచలేదు. సంధ్య రోజూ జ్వరం చూసే చిన్న మిషను తండ్రి నుదుటికి ఆనించి చూసేది.

"జరం లేదు బాపు."

"బొగ్గుల బతికినోనికి జరమేందే? అన్నం పెట్టు."

ఒకనాడు వాళ్ళ పొయ్యి మీద పప్పు మాడింది. వాసన నా ఇంట్లోకి వచ్చింది. పొయ్యి పక్కనే కూర్చున్న మొగిలికి తెలియలేదు. గోడ మీంచి కేకేశాను. "ముక్కుల బొగ్గు పొడి నిండింది లస్మక్కా, ఏ వాసనా తెలుస్తలేదు" అన్నాడు. సంధ్య విన్నది. మేమిద్దరం నమ్మాం. ఇంకో ఊళ్ళో అయితే నమ్మకపోదురు.

తర్వాత రెండు రోజులకే, ఆమె అవతలి గల్లీలో జ్వరాలు అడుగుతుండగా, మొగిలి గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కబురు పెడితే వచ్చింది. చెప్పులు విప్పింది. భుజాన ఉన్న సంచిలోంచి మిషను తీసి తండ్రి నుదుటికి పెట్టింది. అంకె చూసింది. మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు. నాకూ ఏడుపు రాలేదు. ఆ నెలలో ఎవరికీ రాలేదు.

నలుగురు మనుషులు గోదావరి ఒడ్డుకు తీసుకుపోయి వచ్చారు. సాయంత్రం ఆమె నల్లా దగ్గరికి వచ్చింది. వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"చనిపోయింది ఒకరు మేడం. మొగిలి. మా బాపు. కరోనా."

"అయ్యో సంధ్యా... టెస్టు చేయించినవా?"

"లేదు."

"జరం?"

"లేదు."

"మరి కరోనా అని ఎట్ల రాయాలె? వేరే జబ్బు కింద పోతది. నీకు తెల్వనిదా?"

"తెలుసు మేడం."

మూడోనాడు పిట్టకు పెట్టింది. లాక్‌డౌన్‌లో మళ్ళీ ఒడ్డుకు పోనివ్వరు కాబట్టి గోడ మీదే ఇస్తారేసి అన్నం, కోడికూర, ఇంత కల్లు, ఒక బీడీ పెట్టింది. పోయినవాడికి మనసులో ఏదైనా ఉంటే కాకి ముట్టదు. వేపకొమ్మ మీద ఒకటి వాలింది. దిగబోయేంతలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పేలింది. ఇళ్ళు అదిరాయి, కాకులన్నీ లేచిపోయాయి. కరోనా వచ్చినా బొగ్గు ఆగలేదు కదా.

"ఏదన్న మాటియ్యి బిడ్డా. ఆయన మనసుల ఏమున్నదో" అన్నాను.

"నిన్ను కరోనా లెక్కల రాయిస్త బాపు" అంది.

"రాస్తే లేచొస్తడా?"

"రాడు పెద్దవ్వా. దగ్గుకు లెక్క లేదన్నది నేనే గద. అండ్లనే పోయిండు. అండ్లకెల్లి నేనే తియ్యాలె."

కాకి రాలేదు. చీమలు పట్టాయి.

ఆ సాయంత్రం నల్లా దగ్గర జ్వరాలు చెప్పాక, "చనిపోయింది ఒకరు, మొగిలి, కరోనా" అంది. మేడం, మొన్ననే చెప్పావు కదా అంది. "రాయలేదు గద మేడం." మరునాడూ అదే మాట. ఆ మరునాడూ అదే. గొంతు పెంచలేదు, బతిమాలలేదు. నీళ్ళు పట్టుకునేవాళ్ళు బిందెలు పక్కన పెట్టి వినేవాళ్ళు. కిషన్ గద్దె మీంచి "మొగిలిగాన్ని రోజూ చంపుతున్నది పోరి" అన్నాడు. "నోరు ముయ్యి. మీ నవ్వులాటల మూలంగనే వచ్చింది ఇదంత" అన్నాను. నా నవ్వు సంగతి ఎత్తలేదు.

ఒకనాడు మేడం విసిగిపోయి, "సరే, రాసిన. ఇగ చెప్పకు" అంది. నిజంగా రాసిందో, నోరు మూయించడానికే అన్నదో దేవుడికెరుక. తెల్లారి సంధ్య నా గడపలో నిలబడింది.

"పెద్దవ్వా, పేపర్ల ఎంత పడ్డది?"

జిల్లా లెక్క చూశాను. పెరిగింది. రోజూ పెరుగుతూనే ఉంది. పోయినవాళ్ళు రామగుండంలోనూ ఉంటారు, మంథనిలోనూ ఉంటారు. అంకెకు ముఖం ఉంటే కదా మొగిలిని గుర్తుపట్టడానికి!

"పెరిగింది బిడ్డా" అన్నాను.

తల ఊపింది. సంచి భుజాన వేసుకుని నేరుగా కిషన్ గద్దె దగ్గరికి పోయింది.

"దగ్గు ఉన్నదా కాకా?"

అతను నోరు తెరిచాడు. పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, నాకు కనపడుతూనే ఉంది. ఆమె కదలలేదు, నవ్వలేదు. అతను చెప్పేదాకా నిలబడటానికే వచ్చినట్టు నిలబడింది.

"ఉన్నది బిడ్డా" అన్నాడు. "మొన్నటిసంది జర వేరే తీరుగున్నది."

"అంగి తొడుక్కో. పరీక్షకు పోదాం."

అతను లేచి అంగి కోసం లోపలికి పోయాడు. ఆమె పక్క గేటు కొట్టింది.