అమ్మ బండకు అటువైపు

ఆత్మకూరులో మా చర్చి సమాధుల తోటలో అమ్మ పేరున్న నల్లటి కడప బండ ఉంది. చూసినవాళ్లంతా బాగుందంటారు. నాకు మాత్రం దాని పక్కన రెండు నిమిషాలు నిలబడడం కష్టం.

నాది కంప్యూటర్లు బాగుచేసే అంగడి. మా పక్కింటి చాచా సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవాడు. సాయిబుల గోరీలకైనా, మా చర్చి సమాధులకైనా ఆయన చెయ్యి పడాల్సిందే. ముప్ఫై ఏళ్లు ఉలి పట్టిన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. తెల్లవారి ఆయన దగ్గు వినపడితే అమ్మ చేస్తున్న పని ఆపేసేది.

"ఇంత కంప్యూటర్ నేర్చుకుంటివి. ఆయప్ప ఆ దుమ్ములో కూకోకుండా ఏమన్నా చేయకూడదా?" అని నన్ను పీక్కుతినేది.

చేశాను. రాతి మీద అక్షరాలు చెక్కే పాత మిషన్ ఒకటి కర్నూలులో మూలన పడి ఉంటే తెప్పించాం. నీళ్లు పోస్తుంటే చెక్కుతుంది, దుమ్ము లేవదు. నాకు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అంటే పిచ్చి. అందరూ వాడే సిస్టమ్ పేరెత్తితేనే ఒళ్లు మండుతుంది. అంగడిలో ఉన్న డొక్కు కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి, వెనకాల పాత ప్రింటర్లకు ఉండే వెడల్పాటి పోర్టు నుంచి మిషన్‌కు వైరు కలిపాను. అది ఒక్కరోజు తడబడలేదు. చాచా ఉలులు గోనెసంచిలో చుట్టి అటకెక్కించాడు. ఏడాది తిరిగేసరికి దగ్గు సగానికి సగం తగ్గింది. అమ్మ మురిసిపోయింది.

తర్వాత అమ్మ పోయింది. ఏడాది జ్ఞాపకార్థ కూడిక ఆదివారం. ఆ రోజే బండ వేయాలి. సరిగ్గా అప్పుడే నాకు డాబు పుట్టింది. అమ్మ పేరును ఆ డొక్కు కంప్యూటర్‌తోనా చెక్కించేది అనుకున్నాను. కొత్తది నా చేతులతో నేనే బిగించాను. పాతదాన్ని విప్పి పాత ఇనుము బండికి వేశాను. కొత్త బోర్డుకు ఆ వెడల్పాటి పోర్టు లేదు. అందుకోసం విడిగా ఒక కార్డు తగిలించాను. లినక్స్ దాన్ని వెంటనే గుర్తుపట్టింది. నేను పొంగిపోయాను.

కార్డును గుర్తుపట్టడం వేరు, వేళకు పలకడం వేరు. కొత్త కంప్యూటర్లు కరెంటు పొదుపు అనీ, ఇంకోటనీ మధ్యలో తమ సొంత పనుల్లో పడతాయి. రెప్పపాటు ఆలస్యమైనా మిషన్ మోటార్ లెక్క తప్పుతుంది. అందుకే మిషన్‌కు కలిపే ముందు రోజంతా పరీక్ష నడపాలి. ఈ మాట చెప్పి ఇంటర్నెట్‌లో ఎంతమందికి గడ్డి పెట్టానో! నా వంతు వచ్చేసరికి టీ తాగినంత సేపు నడిపి, చాల్లే అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మిషన్ మొదటి వరుస ముచ్చటగా చెక్కింది. రెండో వరుస అమ్మ పేరు. సగంలో మోటార్ గుర్రుమంది. చెక్కే బిట్టు పక్కకు దూసుకుపోయి పేరు మీద అడ్డంగా గాడి కొట్టింది. నేను స్విచ్ కొట్టేసరికే అయిపోయింది. చాచా నీళ్ల పైపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమైందప్పా?"

"ఏం లేదు చాచా, సరిచేస్తా."

పొద్దుగూకేదాకా ఆ సెట్టింగు తీసి, ఈ సెట్టింగు పెట్టి పనికిరాని రాతిముక్కల మీద చూశాను. మళ్లీ మళ్లీ అదే తప్పు. అంత పెద్ద బండ ఇంకొకటి సోమవారం దాకా రాదన్నారు. శనివారం పొద్దున్నే చాచా వచ్చి బండను తిరగేయించాడు.

"ఎనక పక్క మంచిగనే ఉండాది. ఉలులు దించు."

"వద్దు చాచా. నీకు దుమ్ము పడదు."

"పేరు లేకుండా మీ అమ్మకు బండ ఏస్తావా? శానా మాట్లాడొద్దు. దించుపో."

నేను దించాను. ఒక వారం ఆలస్యంగా వేద్దామని చెప్పి ఉండాల్సింది. పాస్టర్‌గారు కాదనేవారు కాదు. అమ్మ అయితే చాచా మళ్లీ ఉలి పట్టడానికి అసలు ఒప్పుకునేదే కాదు. కానీ చుట్టాలంతా వస్తారు, పేరు లేని సమాధి చూస్తే ఏమనుకుంటారోనని భయపడ్డాను. ఆ భయంతోనే అటక ఎక్కాను.

శనివారమంతా ఆయన చెక్కుతూనే ఉన్నాడు. ముక్కుకు తడిగుడ్డ కడితే లాగి పడేశాడు. "ఊపిరి ఆడ్డంల్యా, తీసెయ్" అన్నాడు. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. దగ్గు వచ్చినప్పుడు ఉలి పక్కన పెట్టేవాడు, తగ్గగానే మళ్లీ పట్టేవాడు. ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. నేను పక్కన కూర్చుని నీళ్లు చల్లుతూ ఉన్నాను.

ఆదివారం నలుగురు పట్టి బండను సమాధి మీద పరిచారు. చుట్టాలు అక్షరాలను వేళ్లతో తడిమి మెచ్చుకున్నారు. చాచా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గేటు దగ్గరే ఉండిపోయాడు.

ఆ తర్వాత కడపలో వెతికి, ఆ పాత పోర్టు ఉన్న కంప్యూటర్ ఒకటి తెచ్చాను. ఈసారి పరీక్ష రెండు రోజులు నడిపాను. మిషన్ ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది. ఉలులు మళ్లీ అటకెక్కాయి. దగ్గు మాత్రం వెనక్కి తగ్గలేదు.

బండకు పైవైపు చాచా చెక్కిన పేరుంది. కిందివైపు, అమ్మకు ఎదురుగా, సగం పేరూ నేను కొట్టించిన గాడీ ఉన్నాయి. ఆమె నన్ను అడిగింది ఒక్కటే పని. తెల్లవారి పక్కింట్లో దగ్గు మొదలైతే ఇప్పుడు చేస్తున్న పని ఆపేసేది నేను.