పసుపు గుడ్డలో మోటారు డబ్బు

ఈరోజు తిరువళ్ళూరు బజారులో మా ఆయన పర్సు పోయింది. ఆయన జేబులు తడుముకుంటుంటే నాకు మా నాయన ముఖమే కనిపించింది.

మన ఇళ్ళల్లో ఊరికి పోయేటప్పుడు డబ్బు పసుపు గుడ్డలో కట్టేవాళ్ళు, గుర్తుందా? "ముడుపనుకోని దొంగ గూడా ముట్టడు" అనేది మా అవ్వ.

నా చిన్నప్పుడొకసారి మా బోరు మోటారు కాలిపోయి వరి ఎండిపోతోంది. కొత్త మోటారు డబ్బంతా ఒక పసుపు మూటలో, తిరుత్తణి స్వామికి మొక్కుకున్న రూపాయి ఇంకో పసుపు మూటలో కట్టి, రెండూ నాయన నడుముకే దోపుకున్నాడు. మోటారు కొనేముందు అందరం కొండెక్కి హుండీలో ముడుపు వేశాం. గుడి బయటికి వచ్చాక, మిగిలిన మూట తేలికగా ఉందని నాయన విప్పాడు. లోపల రూపాయి బిళ్ళ ఒక్కటే ఉంది.

"ఏమయ్యా, మోటారు దుడ్డు యాడ?" అంది అమ్మ.

"హుండీలో ఏసేసినానే!"

"పోయి అడుగుదాం రా."

"హుండీలో పడినాక అది సామిది. అడగకూడదు," అని అవ్వ అడ్డం నిలబడింది.

నాకు ఏడుపు కూడా రాలేదు. నాయన ఆ రూపాయి బిళ్ళను మళ్ళీ పసుపు గుడ్డలో కట్టాడు. చివరికి గుడి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"సామీ, ఇంగ మా మడికి నీళ్ళు నువ్వే కట్టాల."