మాఫ్ చేసిన వాటా

మాది ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. నాన్న దూది ఏకి, ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్లలో పరుపులు కుట్టి, పటమటలో రోడ్డు పక్కన కాస్త స్థలం కొన్నాడు. అప్పట్లో అక్కడ అన్నీ పొలాలే, ఎందుకూ పనికిరాదని నవ్వారట. తొంభైల్లో ఆయన పోయేనాటికి బెంజ్ సర్కిల్ నుంచి దుకాణాలు పాకుతూ దాని దాకా వచ్చేశాయి.

అమ్మ అంతకుముందే పోయింది. అక్క, అన్నయ్య, నేను మిగిలాం. నాన్న చేతిపని అక్కకే వచ్చింది. భర్త పోయాక ఉయ్యూరులో అద్దెగదిలో పరుపులు కుడుతూ పిల్లల్ని సాకేది. దూది ఏకే మిషను పెట్టుకోవడానికి సొంత చోటు కాస్త ఉంటే చాలని ఆమె ఆశ. గదిలో ఏకితే దుమ్మని ఇంటివాళ్లు ఊరుకోరు.

వాటాల సంగతి దేవుడు మనుషుల ఇష్టానికి వదల్లేదు. కొడుక్కి రెండు వంతులైతే కూతురికి ఒకటి అని తన గ్రంథంలోనే పెట్టాడు. నేను ఆడపిల్లలకు అరబీ చదువు చెప్పేదాన్ని, ఆ వాక్యాలు ఎన్నిసార్లు చదివించానో. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుంటూ మోచెయ్యి తడిసిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకునే మావాళ్లు, ఆ వాక్యాల దగ్గర మాత్రం పేజీ తిప్పేస్తారు.

మావాళ్లకో పద్ధతి ఉంది. పోయినవాళ్లకు నలభై దినాల ఫాతెహా భోజనాలయ్యాక, పెద్దల ముందు ఆడపిల్లల చేత "నా వాటా మాఫ్ చేశాను" అనిపిస్తారు. తలో చీర పెడతారు. వాటా తీసుకున్నదానికి ఇక పుట్టిల్లుండదు. అక్కకు ఇదేం కొత్త కాదు. పెళ్లినాడు భర్త ఇస్తానన్న మెహర్ సొమ్మును కూడా, పాడె లేవకముందే అతని జనాజా ముందు ఇలాగే మాఫ్ చేయించారు.

మాకు చదువు చెప్పిన హజ్రత్‌గారినే అడిగాను. వాటా ఉన్నమాట నిజమేనమ్మా, మనస్ఫూర్తిగా వదులుకుంటే పుణ్యం అన్నారు. ఎంగిలి పళ్లాల మధ్య, పదిమంది చూస్తుండగా మనస్ఫూర్తి ఎక్కణ్ణించి వస్తుందండీ అంటే నమాజుకు వేళయిందని లేచారు. రేపు కూతురి నిఖాకు మేనమామ రాకపోతే ఎలాగని అక్క భయం. నాన్న ఫాతెహా నాడు తల దించుకుని ఆ మాట అనేసింది. నేను అనలేదు. అందువల్ల నా వాటా చేతికొచ్చిందని కాదు, ఆ ఇంటి పిలుపులు ఆగిపోయాయంతే.

రెండువేల సంవత్సరం దాటాక ఆ స్థలంలో అన్నయ్య మూడంతస్తులు లేపాడు. అతని కొడుకులు డొనేషన్ సీట్లలో ఇంజినీరింగ్ చదివారు. చిన్నప్పుడు వాళ్లకు లెక్కలు చెప్పినవాడు అక్క కొడుకే, వాడు మాత్రం టెన్త్‌తో ఆపేసి ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులేసేవాడు. శుక్రవారం జుమ్మా నమాజులో అందరూ ఒకే వరసలో భుజాలు తగిలేలా నిలబడేవారు. నమాజయ్యాక వాళ్లు కారెక్కేవారు, వీడు సైకిలెక్కేవాడు. ఒకే తాత మనవలు. అంతా దేవుడి రాత అనేవారు మావాళ్లు. దేవుడు రాసింది అది కాదే అని నాకు ఒళ్లు మండేది.

అన్నయ్య హజ్‌కు బయల్దేరే ముందు, ఆనవాయితీ ప్రకారం అయినవాళ్ల ఇళ్లకు తిరిగి తప్పులు మాఫ్ చేయమని అడిగాడు. ఆ రోజు నేను అక్క గదిలోనే ఉన్నాను.

"ఆ పరుపు మీద కూర్చోకురా, ఎవరిదో," అంటూ అక్క చాప చూపించింది.

"నావల్ల ఏ తప్పు జరిగినా మాఫ్ చెయ్యక్కా."

అక్క సూది ఆపలేదు. "నువ్వన్న మాటలన్నీ మాఫ్ రా. క్షేమంగా వెళ్లిరా."

"ఆ వాటా సంగతి కూడా మనసులో పెట్టుకోకు. అప్పుడే మాఫ్ చేశావుగా."

"అప్పుడు చేసింది నేను కాదులే, నా భయం. అయినా ఆ వాటా రాసింది నేనా? రాసినాయన ఇంటికేగా పోతున్నావు. ఆయన్నే అడుగు."

అన్నయ్య టీ ముట్టకుండా లేచాడు.

తిరిగొచ్చాక ఖర్జూరాలు, సీసాలో మక్కా జమ్ జమ్ బావి నీళ్లు పంపించాడు. వాటా ఊసు లేదు. అక్క బిస్మిల్లా చెప్పుకుని భక్తిగా తాగింది.

పటమట మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా ఆ బిల్డింగు వైపు చూసేదాన్ని. కింద ఓ మూల చిన్న షట్టరుకు అద్దె బోర్డు చాలాకాలం వేలాడింది. అక్క మిషనుకు సరిగ్గా సరిపోయే చోటు.