మూఢం వెళ్ళాక వేసిన దరఖాస్తు

ముందు పోయినవి లెక్క వేస్తాను. కవర్లకీ, లేబుళ్ళకీ, కవర్లు అతికించే మెషీనుకీ పెట్టిన పద్దెనిమిది వేల నాలుగు వందల డాలర్లు. అవి నావి కావు, ఒక ఆంటీవి. నా ఇరవై ముగ్గురు కస్టమర్లలో పదిహేడు మంది. టొరంటో స్కార్‌బరోలో చీరల షాపు పైన నేను అద్దెకు తీసుకున్న గది. ఇంకా, ఆ ఆంటీ వాళ్ళ అమ్మని ఇంట్లో పిలుచుకునే పేరు. ఈ చివరిదానికి డాలర్లలో విలువ కట్టడం నాకు చేతకాలేదు.

హైదరాబాదులో నేను ఒక ఇనుము వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. బీకాం రెండో ఏడులో ఆపేశాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా పక్కవాళ్ళు చేస్తుంటే చూసి నేర్చుకున్నదే. మా ఆవిడకి పీఆర్ వస్తే, ఆమె వెనక నేనూ మా అమ్మాయీ కెనడా వచ్చాం. మొదట ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు సర్దాను. తర్వాత డౌన్‌టౌన్‌లో ట్రేడ్‌మార్కులు చూసే ఒక లాయర్ల ఆఫీసులో ఉత్తరాలు పంచే పని దొరికింది. ట్రేడ్‌మార్క్ అంటే వ్యాపారానికి పెట్టుకున్న పేరు మీద హక్కు. అక్కడికి వచ్చే ప్రతి ఉత్తరానికీ ఒక గడువు ఉండేది. గడువు దాటితే పేరు పోయినట్టే. ఉత్తరం అందిస్తూ గడువు కూడా నోటితో చెప్పేసేవాణ్ణి. కొన్నాళ్ళకి గడువులు చూసే కుర్చీలోనే కూర్చోబెట్టారు. తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. నలభై తొమ్మిదో ఏట, ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తుందని చెప్పి పంపేశారు.

అప్పుడు తీసుకున్నాను ఆ గది. మనవాళ్ళు షాపులకీ క్యాటరింగులకీ పెట్టుకునే పేర్లు ఖాళీగా ఉన్నాయో లేదో వెతకడం, దరఖాస్తు తయారుచేయడం, గడువులు కాపలా కాయడం నా పని. సంతకం మాత్రం లైసెన్సు ఉన్న ఏజెంటుది. ఆయనకి ఒక్కో ఫైలుకి ఇంత అని ఇచ్చేవాణ్ణి.

ఆంటీది గుంటూరు. ఒక డేకేర్‌లో వంట చేసి రిటైరయ్యారు. దాచుకున్న డబ్బుతో కరివేపాకు పొడి, మునగాకు పొడి చేసి షాపులకి వేద్దామని, వాళ్ళ అమ్మ పేరు పట్టుకుని వచ్చారు. ఆ పేరు ఇప్పుడు ఇంకొకరిది కనుక ఇక్కడ రాయను.

"ఇవాళే వేసేద్దాం ఆంటీ. ఇక్కడ ముందు ఎవరు అప్లై చేస్తే వాళ్ళకే," అన్నాను.

"శుక్ర మూఢం నడుస్తోంది బాబూ. మూఢంలో ముక్కుపుడక కూడా కొనం. మా అమ్మ పేరుతో మొదలెట్టమంటావా?"

"కెనడా గవర్నమెంటుకి మూఢం ఉండదండీ."

"దానికి ఉండదు. నాకుంటుంది." నవ్వారు. "నీ లెక్కేం చెబుతోంది? ఈ నెలలోనే కొంప మునుగుతుందా?"

అప్పటికే వెతికాను. ఆ పేరు గానీ, దానికి దగ్గరగా ఉన్న పేరు గానీ, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అలాంటిది సరిగ్గా ఈ అయిదు వారాల్లో ఎవరైనా అడిగే అవకాశం ఎంత?

"పదివేలలో ఒకటి కూడా లేదండీ," అన్నాను.

"అయితే ఆగుదాం."

మూఢంలో వ్యాపారం మొదలెట్టకూడదు గానీ రుచి చూపించడానికి అడ్డేమీ లేదు. ఆ అయిదు వారాలూ ఆంటీ పుట్టినరోజులకీ సత్యనారాయణ వ్రతాలకీ చిన్న చిన్న పొట్లాలు పట్టుకెళ్ళారు. ప్రతి పొట్లం మీదా స్కెచ్ పెన్నుతో వాళ్ళ అమ్మ పేరు.

మూఢం వెళ్ళిన గురువారం పొద్దున మళ్ళీ వెతికాను. ఖాళీగానే ఉంది. దరఖాస్తు వెళ్ళిపోయింది. మంచిరోజని అదే పూట ఆంటీ కవర్లూ లేబుళ్ళూ మెషీనూ ఆర్డర్ చేశారు. మూడు వారాలకి, మామూలుగా చూసుకుంటుంటే, అదే పేరు ఇంకొకరి మీద కనిపించింది. కొత్త దరఖాస్తులు వెతుకులాటలో కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అతను మాకన్నా పన్నెండు రోజుల ముందు వేశాడు. ఓక్‌విల్ వైపు ఉంటూ షాపులకి కిరాణా సరుకులు సప్లై చేసే మనిషి, మనవాడే. ఒక పుట్టినరోజు భోజనంలో ఆ పొడి తిన్నాడు.

యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతున్న మా అమ్మాయికి నా లెక్క చూపించాను. తప్పెక్కడో చెప్పమన్నాను.

"నాన్నా, యూ ట్రీటెడ్ దెమ్ యాజ్ స్ట్రేంజర్స్. దే వర్ ఎట్ ద సేమ్ పార్టీ," అంది.

అంతే. ఎవరికీ తెలియని పేరుకి సరిపోయే లెక్కని, పదిమంది నోళ్ళలో పడిన పేరుకి వాడాను.

ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను.

"అతను మూఢంలో వేశాడుగా," అన్నారు. "నిలుస్తుందా అది?"

"నిలుస్తుందండీ."

"మొదలే మంచిది కాకపోతే ఎలా నిలుస్తుంది బాబూ? నువ్వు ఇంకోసారి సరిగ్గా చూడు."

చూశాను. అతనికన్నా ముందే ఆ పేరుతో అమ్మి ఉంటే హక్కు మనదయ్యేది, కానీ ఊరికే పంచిన పొట్లాలు వ్యాపారం కిందికి రావు. దురుద్దేశంతో వేశాడని అభ్యంతరం చెప్పవచ్చు, నెగ్గినా నెగ్గవచ్చు అన్నాడు ఏజెంటు. దానికయ్యే ఖర్చు ఆంటీ దగ్గర మిగిలిన డబ్బుకన్నా ఎక్కువ. ఆవిడ మాత్రం ఇంకో పేరు పెట్టుకోనని చెప్పి, నెలనెలా ఫోన్ చేసి అతనిది పడిపోయిందా అని అడుగుతూనే ఉన్నారు. పడిపోలేదు. రిజిస్టర్ అయింది. ఆ మాట చెప్పడానికి ఇంటికే వెళ్ళాను. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అన్నారు:

"పోయినదాంట్లో సగం నువ్వు పెట్టుకో బాబూ. సగం నా మూఢం, సగం నీ లెక్క."

బేరం ఆడలేదు. అంతకన్నా సరైన పంపకం నాకు తోచలేదు.

ఈలోగా కథ ఊరంతా తిరిగింది. గుడి క్యాంటీన్‌లో నా వెనక నిలబడ్డ ఒకాయన పక్కవాడితో, "ఆయన దగ్గరికెళ్తే మన పేరు పక్కింటికి పోద్దంట," అంటున్నాడు. నేను తిరిగి చూడలేదు, పులిహోర తీసుకుని బయటికి వచ్చేశాను. మిగిలిన ఆరుగురి కోసం అద్దె కట్టలేక గది వదిలేశాను. మళ్ళీ వేర్‌హౌస్‌లోనే పెట్టెలు సర్దుతున్నాను. పాతికేళ్ళ పిల్లలతో పోటీ పడలేనని సూపర్‌వైజర్‌కి తెలుసు. షిఫ్టులు తగ్గిస్తున్నాడు. మా ఆవిడ ఏమీ అడగదు. అడిగితే బాగుండుననిపిస్తుంది.

మునగాకు పొడి ఇప్పుడు మేము సరుకులు కొనే షాపులో ఆ పేరుతోనే దొరుకుతుంది. ఆంటీ ఆ షాపుకి వెళ్ళడం మానేశారు.

నా వాటా తొమ్మిది వేల రెండు వందలు. నెలకి రెండు వందల చొప్పున పద్నాలుగు నెలలు ఇచ్చాను. ప్రతిసారీ ఆవిడ లెక్కపెట్టకుండానే పక్కన పెట్టేస్తారు. ఇలాగే ఇవ్వగలిగితే తీరడానికి ఇంకా ముప్ఫై రెండు నెలలు. ఆవిడకి డెబ్బై ఒకటి. పోయిన రెండు నెలలూ ఇవ్వలేకపోయాను. ఈ రోజుకి ఆంటీకి నేనివ్వవలసింది ఆరు వేల నాలుగు వందల డాలర్లు.