పాఠం ఆగితే పిల్ల లేస్తుంది

లిఫ్టులు బాగుచేసే అతన్ని పనిలో అందరూ 'మొదటివారం' అని పిలిచేవారు. ఆన్‌లైన్‌లో ఏ కోర్సు కనబడ్డా చేరేవాడు; మొదటి పరీక్ష రాగానే మెల్లగా జారుకునేవాడు. తేనెటీగలు, గ్రహాలు, గిటారు, ఏవీ వారం దాటలేదు. అత్తగారు ఆరంభశూరుడనేది, అదీ అతనికి వినబడేటట్టు.

ఈసారి సంగతి వేరు. మోటార్ల కోర్సు పూర్తిచేస్తే సూపర్‌వైజర్ని చేస్తానన్నాడు మేనేజరు. అప్పుడిక లిఫ్టు గోతిలోకి దిగనక్కర్లేదు. పిల్ల పుట్టినప్పట్నుంచీ ఆ గోతిలో కాలు పెడితే చాలు, అతనికి గుండె దడే.

అయినా మోటారు మాస్టారి గొంతు, ట్యాంకులో నీళ్లు పడుతున్నట్టు, ఒకే వరస. మానేద్దామనుకున్న మధ్యాహ్నమే, ఏ జోలకీ లొంగని పిల్ల ఆ గొంతుకి కళ్లు మూసింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు అదే పాఠం పెడితే, 'ఇది నిన్ననే అయిపోయిందిగా' అన్నట్టు ఒంటికన్ను తెరిచి రాగం ఎత్తుకుంది. కొత్త పాఠం కావాలి. పరీక్ష నెగ్గితేగాని కొత్త పాఠం తెరుచుకోదు. తొందరగా ముగించాలని వేగం పెంచితే మాస్టారి గొంతు కీచుమంది, పిల్ల లేచి కూర్చుంది.

అత్తగారు గుమ్మంలో నిలబడింది. "చదువుతారా అల్లుడుగారూ, లేక దీన్ని సాయంత్రందాకా మీరే ఎత్తుకుంటారా?"

చదివాడు. పొద్దుటి డ్యూటీ నుంచి రాగానే భుజాన పిల్లని వేసుకుని చదివాడు. తప్పిన పరీక్ష మళ్లీ రాశాడు. అత్తగారు కూరలు తరుగుతూ ప్రశ్నలడిగేది. జవాబు తప్పితే తిట్టేది కాదు, ఊయల వైపు చూసేది. అంతకన్నా తిడితేనే నయంగా ఉండేది.

చివరి పరీక్ష నాటికి పాఠాలన్నీ అయిపోయాయి. పిల్ల ఏడుపు లంకించుకుంది. అత్తగారు దాన్ని చంకనేసుకుని వీధి చివరిదాకా తిప్పింది. వాళ్లు తిరిగొచ్చేసరికి అతను నెగ్గాడు.

మందులషాపు కౌంటర్లో పని ముగించుకుని వచ్చిన భార్య సర్టిఫికెట్లో మొగుడి పేరు రెండుసార్లు చదువుకుని మురిసింది. ఆ వెంటనే గతుక్కుమంది.

"మరి రేపు మధ్యాహ్నం?"

అత్తగారు ఫోను ముందుకి తోసింది. "అదే మాస్టారు, పంపుల కోర్సు. నా పేరుతోనే చేరాను. ఈయన సూపర్‌వైజరయ్యాక చీకటిపడేదాకా ఇల్లు చేరరు కదా." అల్లుడి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మొదటి పరీక్షంటేనే భయంగా ఉంది అల్లుడుగారూ."

"భయమెందుకండీ," అన్నాడు మొదటివారం. "మీరు మానేద్దామన్నా పిల్ల ఊరుకోదు."