వాన సీను ఎలా తీస్తారు?

లైట్లు మోసే మొగుడు షూటింగులోనే పోయాక, కుట్టుమిషను తొక్కి కూతుర్ని పెంచిందావిడ. ఇప్పుడు ఆ పిల్లకి కెమెరా చదువే కావాలట. "కొరివితో తల గోక్కోకే" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. సరే, స్కూలేదో తనే చూస్తానని వెంట బయల్దేరింది.

ఎక్కడికెళ్లినా ఆవిడది ఒకటే ప్రశ్న: "వాన సీను ఎలా తీస్తారు బాబూ?"

అద్దాల మేడలో ఉన్న స్కూలువాళ్లు కొత్త కెమెరాలు చూపించి ఊదరగొట్టారు. గోడలు పెచ్చులూడిన స్కూల్లో మాస్టారు మాత్రం, "ముందు ఎర్త్ వైరు చూస్తామమ్మా. షాకు కొట్టదని తేలేదాకా ఎవర్నీ లైటు ముట్టుకోనివ్వం" అన్నాడు.

"ఇక్కడే చేరు" అందావిడ.

"అన్నీ పాత డొక్కులే కదమ్మా!" కూతురు ఏడుపుమొహం పెట్టింది.

"డొక్కులే. ఆ వానలో మీ నాన్న ప్రాణం తీసిన లైటు మాత్రం, పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్తది."