వంటింటి తలుపుకు అడ్డం నిలబడిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున వచ్చింది. అప్పుడు నేను మా ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుతో ఉసూర్‌లో ఉన్నాను. పదింటికి మ్యాచ్. దోర్నపాల్ నుంచి హాస్టల్ మేడం ఫోన్ చేసి చెప్పింది. వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ, కాస్త అలసట తీర్చుకుందామన్నట్టు అరుగు మీద కూర్చుందట. పక్కింటివాళ్లు పలకరిస్తే పలకలేదట.

పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాను. ఏడ్చారు. "ఆడదామా, వెనక్కి పోదామా?" అని అడిగితే మా గోల్‌కీపర్ కళ్లు తుడుచుకుని, "ఆడకుండ పోతే పెద్దమ్మ లేచి తిడతది, దీదీ" అంది. ఆడారు, ఓడిపోయారు. సాయంత్రానికి దోర్నపాల్ చేరాం. పెద్దమ్మను ఎత్తకుండా మా కోసం ఆపి ఉంచారు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. నేను చదివిన హాస్టల్‌లో వంట చేసేది. నా గురించి ఎక్కడైనా చదివినవాళ్లకు నేను ఎర్రబోరు రైతు కూతురినని, ఆరేళ్లు క్లబ్బులకు ఆడానని, రెండుసార్లు దేశం జెర్సీ వేసుకున్నానని తెలిసి ఉంటుంది. పెద్దమ్మ సంగతి మాత్రం తెలిసి ఉండదు. ఆ తప్పు నాది.

ఆరో తరగతిలో హాస్టల్‌కు వచ్చేటప్పటికి నాకు ఇంట్లో మాట్లాడే దోర్లీ, తెలుగు వచ్చు. హిందీ రాదు. మాది హిందీ రాష్ట్రం, బడిలో అంతా హిందీయే. పాఠం అర్థం కాదు, పిల్లల ఆటలు అర్థం కావు. సాయంత్రాలు ఒక్కదాన్నే బడి బంతి ఒకటి తెచ్చుకుని వంటింటి గోడకేసి కొడుతూ ఉండేదాన్ని. ఒకరోజు ఆ బంతి తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి పోయి గంజి గిన్నెను బోర్లించింది. గరిటె పట్టుకుని పెద్దమ్మ బయటికి వచ్చింది.

"ఏందే పిల్లా, నా వంటిల్లు నీకు ఏం పాపం జేసింది?"

కొడుతుందనుకున్నాను. కానీ ఆ ఊళ్లో నాతో ఎవరో తెలుగులో మాట్లాడటం అదే మొదలు. ఏడుపొచ్చేసింది. ఆమె నన్నొకసారి, బంతినొకసారి చూసింది. గరిటె లోపల పెట్టి వచ్చి, కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపుకుని తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇంకోపారి కొట్టు. ఎట్ల పోతదో సూస్తా."

ఆ రోజు నుంచి మూడేళ్లు మా ఇద్దరికీ అదే పని. పొయ్యి మీద పప్పు ఎక్కించాక మొదలు, పప్పు ఉడికేదాకా ఆట. ఆమెకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. తన పొయ్యినీ పప్పునూ కాపాడుకోవడం ఒక్కటే తెలుసు. అందుకని ప్రాణం పెట్టి ఆపేది. బంతిని కడుపుకు తగలనిచ్చి గట్టిగా హత్తుకునేది. పైకి కొడితే గూట్లో పచ్చడి జాడీలు పగులుతాయి. గట్టిగా కొడితే పప్పు ఒలికి అందరం వట్టి అన్నం తినాలి. అందుకే తలుపు కింది మూలల్లోకి, మెల్లగా, చూసి చూసి కొట్టడం నేర్చుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఒక క్లబ్ కోచ్, "బలం లేకుండా ఇంత గురి ఎలా వచ్చింది నీకు?" అని ఆశ్చర్యపోయాడు.

తొమ్మిదో తరగతికి జగదల్‌పూర్ క్రీడా హాస్టల్‌లో సీటు వచ్చింది. బస్సు ఎక్కుతుంటే పెద్దమ్మ చెప్పింది ఒకటే మాట. "ఆడ కూరల ఉప్పు తక్కువైతే వంక పెట్టకు బిడ్డా. ఆ సంగతి వండినామెకు నీకన్న ముందే తెలుస్తది."

తర్వాత క్లబ్బులు వచ్చాయి. విమానాలు, లైట్ల కింద మ్యాచులు, ఫోటో దిగుతామంటూ అడ్డం వచ్చే మనుషులు. పేరు రావడం బాగుంటుంది. బాగుండదని నేను చెబితే అది అబద్ధం. దోర్నపాల్ సెంటర్లో నా బొమ్మతో పెద్ద బ్యానర్ కట్టారు. సన్మానానికి పిలిచినప్పుడు కార్లో హాస్టల్ ముందు నుంచే పోయాను. ఆపమని అనలేదు. ఆలస్యం అవుతోందని నాకు నేనే చెప్పుకున్నాను.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. ఒక ఇంటర్వ్యూలో, "మొట్టమొదట మీకు ఆట నేర్పింది ఎవరు?" అని అడిగారు. జగదల్‌పూర్ కోచ్ పేరు చెప్పాను. వంటామె అంటే నవ్వుతారేమోనని భయపడ్డాను. ఆ వీడియో మా వైపు అందరి ఫోన్లలోనూ తిరిగింది.

ఆరో సీజన్‌లో మోకాలు పోయింది. ఆపరేషన్ అయ్యాక కూడా పరుగెత్తితే కాలు నిలవలేదు. మరుసటి ఏడు ఏ క్లబ్బూ పిలవలేదు. ఇంటికి వచ్చి, అడిగినవాళ్లందరికీ సెలవుల్లో ఉన్నానని చెప్పాను. అమ్మానాన్న పొలానికి, అడవికి పోతే నేను తలుపు వేసుకుని పడుకునేదాన్ని. ఇరవై ఆరేళ్లకే ముసలిదాన్ని అయిపోయాననిపించేది. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

ఒకరోజు పెద్దమ్మ బస్సు దిగి ఎర్రబోరులో మా ఇంటికి వచ్చింది. నీళ్లు తాగి, నా మోకాలి మీద కుట్ల గుర్తును వేలితో తడిమింది.

"నొస్తందా?"

"లేదు."

"మరి పండుకున్నవెందుకు? లెవ్వు. హాస్టల్ కాడికి పోదాం."

దోర్నపాల్‌లో దిగేసరికి ఆ రోజు సంత. దారి పక్కన చింతపండు రాశి మీద నా పాత బ్యానర్ కప్పి ఉంది. మడతల్లో నా ముఖం, దాని మీద వాన నీళ్లు. నేను అక్కడే ఆగిపోయాను. పెద్దమ్మ వంగి, బ్యానర్ అంచు ఎత్తి లోపలికి చూసింది.

"ఒక్క చుక్క దిగలే. నీ మొకం మంచిగనే పనికొచ్చింది" అంది. చింతపండు అమ్మే ఆమె పడీపడీ నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది, చాలా నెలల తర్వాత.

హాస్టల్‌లో అదే వంటిల్లు. పెద్దమ్మ తలుపుకు అడ్డం నిలబడి "కొట్టు" అంది. ఆపరేషన్ అయిన కుడికాలంటే భయం. ఎడమకాలితో కొట్టాను. ఆపేసింది. మళ్లీ కొట్టాను. మళ్లీ ఆపింది. అరవై దాటిన మనిషి! మూడోది కూడా ఆపేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది.

"ఒక్కటన్న ఇడిచిపెట్టొచ్చు గద పెద్దమ్మా! నా కాలు సూస్తన్నవు గద!"

"ఎందుకు ఇడుస్త? నేను ఇడిస్తే పోయిన బంతి నీదెట్లయితది? రేపొచ్చి కొట్టు."

మర్నాడు వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. తొమ్మిదో రోజున ఎడమకాలి బంతి ఆమెను దాటి కింది మూలలోంచి లోపలికి పోయింది. అప్పటికి చుట్టూ హాస్టల్ పిల్లలు చేరి చూస్తున్నారు. ఒక పిల్ల ముందుకొచ్చి, "నాకూ నేర్పు దీదీ" అంది. మా జట్టు అలా మొదలైంది. ఇప్పుడు ముప్పై మంది ఉన్నారు. ఒకప్పటి నాలాగే కొత్తగా వచ్చి హిందీ రాక మూల కూర్చునే పిల్లల్ని ముందు వెతికి తెస్తాను. ఆడినన్నాళ్లూ నా గోల్ ఒక్కటే నాకు కనిపించేది. ఇప్పుడు ఒక పిల్ల మొదటిసారి తల ఎత్తి పాస్ ఇస్తే ఆ రోజంతా సంతోషంగా ఉంటుంది.

ఇంటర్వ్యూ సంగతి ఒకసారి నేనే ఎత్తాను, బియ్యం ఏరుతుంటే. "నీ పేరు చెప్పలేదు పెద్దమ్మా. సిగ్గుపడ్డాను."

ఆమె చేట దించలేదు. "సూసిన. ఆ రోజు కూర మాడిపోయింది" అంది. ఒక రాయి ఏరి పారేసి, "బాధయింది బిడ్డా. అబద్ధమెందుకు?" అంది. అంతే, మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

చనిపోవడానికి మూడు నెలల ముందు కొంటాలో ఆడపిల్లల టోర్నమెంటు జరిగింది. మా పిల్లలు గెలిచారు. నన్ను నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చారు. పెద్దమ్మ జనం మధ్య కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది. ముందు హిందీలో, తర్వాత తెలుగులో, దోర్లీలో చెప్పాను. "నాకు మొట్టమొదట ఆట నేర్పింది మా హాస్టల్ వంట పెద్దమ్మ. అదిగో, అక్కడ ఉంది."

చప్పట్లలో ఆమెకు 'వంట' అన్న మాటొక్కటే వినపడినట్టుంది. వడ్డనకు పిలుస్తున్నారనుకుంది. లేచి, కొంగు నడుముకు బిగించి, గబగబా అన్నం గిన్నెలున్న టెంటు వైపు నడిచింది. పిల్లలు పరుగెత్తి, చెయ్యి పట్టుకుని మైదానం మధ్యకు తీసుకొచ్చారు. చుట్టూ జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆమె ఒకసారి అందరి వైపూ తిరిగి చూసింది. దండం పెట్టాలో, చెయ్యి ఊపాలో తెలియలేదు. ఎండలో కళ్లు చికిలించి, కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, ఎవరో ఇప్పుడే బంతి కొట్టబోతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి నిలబడింది.